కంచం ఎత్తడానికి చిన్నపిల్లాడు, బండి తోలడానికి పెద్దోడా?



ఈసారి మిర్చి రేటు గురించి కాదు, యూరియా కోసం క్యూల గురించీ కాదు. మన ఇళ్లల్లో పెరుగుతున్న 13 నుంచి 18 ఏళ్ల పిల్లల గురించి రాస్తున్నా. పోస్టు పెద్దదే. కొంతమందికి కోపం కూడా వస్తుంది. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

నాలుగు రోజుల కింద చెట్టు కింద కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అన్నాడు, "మావాడు ఇంటికొస్తే మంచం దిగడు, వాడి గదిలోకి పోతే కాలు పెట్టే చోటుండదు, తిన్న కంచం మంచం కిందే ఉంటది, ఈ కాలం పిల్లలు ఇంతే" అని. అక్కడున్న ఆరేడుగురం తల ఊపాం. అందరిదీ అదే కథ. తప్పంతా కాలానిదీ, ఫోనుదీ, హాస్టలుదీ అని తేల్చేసి లేచొచ్చాం.

అది అబద్ధం అని ఇంటికొచ్చాక అనిపించింది. ఎందుకు అబద్ధమో చెప్తా.

మొన్న సంక్రాంతి ముందు మా ఇంటావిడకి జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. మంచం మీంచి లేవొద్దన్నారు. మిర్చి మొదటి కోత నడుస్తోంది. రెండు పాడి గేదెలు, ఒక చూడి గేదె. కోత కూలీలకి నీళ్లు, టీ చూడాలి. ఇంట్లో మా అమ్మ, ఇంటర్ చదివే అబ్బాయి, పదో తరగతి చదివే అమ్మాయి ఉన్నారు. ఇద్దరికీ పండగ సెలవులే. సరే, ఇంతమంది ఉన్నారు కదా, గడిచిపోద్దిలే అనుకున్నా.

మూడో రోజు రాత్రి కల్లంలో కాయకి పట్టాలు కప్పి ఇంటికొచ్చేసరికి పది దాటింది. వంటింట్లో లైటు వెలుగుతోంది. మా అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. ఒళ్లో లెక్కల పుస్తకం. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయి ఉన్నాయి. సింకు నిండా అంట్లు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఆ పిల్లకి.

పక్క గదిలో మావాడు దుప్పటి కప్పుకుని ఫోను చూసుకుంటున్నాడు. మంచం మీద విడిచిన బట్టలు, టేబుల్ మీద మధ్యాహ్నం తిన్న కంచం, నేల మీద బిస్కెట్ కాగితాలు. నాకు ఒళ్లు మండింది. "సిగ్గు లేదంట్రా, చెల్లెలు అక్కడ పడి చస్తుంటే నువ్విక్కడ దొర్లుతున్నావా" అని అరిచా. వాడు భయపడలేదు. ఎదురు తిరిగి అరవనూ లేదు. మామూలుగానే అడిగాడు: "నాన్నా, ఆ పనులు నువ్వెప్పుడన్నా చేశావా?"

చెయ్యెత్తాను. కొట్టలేకపోయాను. ఎందుకంటే పొద్దున నేను తిన్న కంచం ఇంకా హాల్లో నేను లేచిన చోటే ఉంది. మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. పొలానికి పోయే తొందరలో ఉన్నా అనుకున్నా గానీ, తొందర లేని రోజుల్లో మాత్రం ఎప్పుడు ఎత్తాను? నలభై అయిదేళ్ల మనిషిని. మా ఇంట్లో కందిపప్పు ఏ డబ్బాలో ఉంటదో ఆ రాత్రి నాకు తెలీదు.

అందుకే అంటున్నా. పిల్లలు చెడిపోలేదు. మనం నేర్పింది నేర్చుకున్నారు. ఇంటి పని చెయ్యకుండా ఎట్టా బతకొచ్చో పదిహేనేళ్లు మనల్ని చూసి నేర్చుకున్నారు.

ఇక్కడ మనం చేసిన తప్పులు మూడున్నాయి. ఒక్కొక్కటే చెప్తా.

మొదటిది, పనిని మనం శిక్ష చేశాం. మార్కులు తగ్గితే మన నోట్లో మొదట వచ్చే మాటేంటి? "చదవకపోతే గేదెలు కాసుకుంటావు." "చదువు రాకపోతే నాలాగా మట్టి పిసుక్కుంటావు." నేనూ అన్నా, మీరూ అన్నారు. మనం భయం పెడుతున్నాం అనుకున్నాం. వాడికి అర్థమైంది వేరు. పేడ ఎత్తడం తక్కువ పని, పొలం పని ఓడిపోయినవాళ్ల పని, చదువుకున్నవాడు చీపురు ముట్టకూడదు అని అర్థమైంది. అదే వాడు పాటిస్తున్నాడు.

రైతుకి విలువ లేదు, సినిమాల్లో వెక్కిరిస్తారు, ఆఫీసుల్లో నిలబెడతారు, వ్యవసాయం చేసే కుర్రాడికి పిల్లనివ్వరు అని రోజూ ఏడుస్తాం. నిజమే, ఇవ్వట్లేదు. కానీ మన పనిని మొదట తిట్టిందెవరు? మన ఇంట్లో, మన పిల్లల ముందు, మన నోటితోనే తిట్టుకున్నాం. ఊరివాళ్లు ఆ తర్వాత మొదలుపెట్టారు.

రెండోది, ఆడపిల్లకి ఒక లెక్క, మగపిల్లాడికి ఒక లెక్క పెట్టాం. మా ఇంట్లో ఎవరూ ఈ మాట పైకి అనలేదు. ఇద్దరికీ ఒకటే ఫీజు కట్టా, ఇద్దరికీ ఒకటే పాలు పోశాం, మాకు తేడా లేదు అని చెప్పుకునేవాణ్ని. అమ్మ పడిపోయిన రోజు తేడా బయటపడింది. ఎవరూ చెప్పకుండానే అమ్మాయి వంటింట్లోకి పోయింది. ఎవరూ చెప్పలేదు గనక అబ్బాయి పోలేదు.

ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదు. 2019లో కేంద్ర గణాంకాల వాళ్లు దేశమంతా టైం యూజ్ సర్వే చేశారు, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 81 మంది ఆ రోజు జీతం లేని ఇంటి పని చేశారు. మగవాళ్లలో 26 మంది. చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు. అంటే ఆడమనిషి రోజుకి దాదాపు అయిదు గంటలు. మన ఇళ్లల్లో ఆ అయిదు గంటల తర్వాత పొలం కూడా ఉంటది. కలుపు తీసేది, కాయ కోసేది ఎవరో మీకు తెలుసు. సాయంత్రం ఇద్దరం ఒకే బండి మీద పొలం నుంచి వస్తాం. నేను మంచం వాల్చుకుంటా, ఆవిడ పొయ్యి వెలిగిస్తది. మన కొడుకులు రోజూ చూసేది ఇదే. దీనికి మళ్లీ వేరే పాఠం ఎందుకు?

మూడో తప్పు, "మన కష్టం మన పిల్లలకి రాకూడదు" అనే మాట. ఈ మాట వింటే నాకూ కళ్లు చెమరుస్తాయి. కానీ కష్టం రాకూడదు అనడానికీ, పని రాకూడదు అనడానికీ తేడా ఉంది. అప్పు కష్టం, రేటు పడిపోవడం కష్టం, కాయ కల్లంలో ఉన్నప్పుడు వాన రావడం కష్టం. కంచం కడగడం కష్టమా? దుప్పటి మడత పెట్టడం కష్టమా? అది బతకడం.

ఇప్పుడు మీరనబోయే మాటలకి వస్తా.

"పిల్లల చేత పని చేయించడం తప్పు కదా, బాలకార్మికులంటారు కదా?" అని ఒకరంటారు. మంచి ప్రశ్న. నవ్వి తోసెయ్యను. మన ప్రాంతాల్లో పిల్లల్ని బడి మాన్పించి పొలాల్లో, పశువుల వెంట తిప్పిన రోజులు ఎక్కువ దూరంలో లేవు. వాళ్లని పనిలోంచి తీసి బళ్లో వెయ్యడానికి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు ఎంత తిరిగారో పాతవాళ్లకి తెలుసు. ఆవిడకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది కూడా ఈ పనికే. ఆ పోరాటం న్యాయమైనది. మా తరంలో నాతో చదివిన ఆడపిల్లలు అయిదో తరగతితో ఆగిపోయింది ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకోవడానికే.

కానీ ఆ పోరాటం చదువుని మింగేసే పని మీద. 2016లో బాలకార్మిక చట్టం మార్చినప్పుడు కూడా ప్రమాదం లేని పనుల్లో, బడి వేళ అయ్యాక, సెలవుల్లో పిల్లలు ఇంటివాళ్లకి సాయపడొచ్చు అనే ఉంచారు. ఆ సందులోంచి పిల్లల్ని మళ్లీ పొలానికి తోలతారేమోనని భయపడినవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం తప్పు కాదు. అందుకే నేను గీత గీసుకున్నా. పురుగుమందు డబ్బా పిల్లలు ముట్టకూడదు, మందు కొట్టిన చేలో అడుగు పెట్టకూడదు. మోటరు స్టార్టర్ దగ్గరికి పోకూడదు. కోతల కోసం బడి మాన్పించకూడదు. రోజుకి అరగంట, ముప్పావు గంట ఇంటి పని ఏ చదువునీ మింగదు. ఇంకో సంగతి. బాలకార్మికత్వం గురించి మాట్లాడేవాళ్లు ముందు మన ఆడపిల్లల వంక చూడండి. ఆ జ్వరం రోజుల్లో మా అమ్మాయి చేసింది నాలుగు మనుషుల పని. అప్పుడెవరూ ఆ మాట అనలేదు.

ఇక ఈ ప్రమాదాల మాట వచ్చింది కాబట్టి టైటిల్లో అడిగిందే అడుగుతా. కంచం ఎత్తమంటే "చిన్నపిల్లాడు, వదిలెయ్" అంటాం. అదే పిల్లాడికి పదిహేనేళ్లకే బుల్లెట్ బండి తాళాలిస్తాం. ట్రాక్టర్ స్టీరింగ్ ఇచ్చి "మావాడు రివర్స్ భలే కొడతాడు" అని వీడియో తీసి స్టేటస్ పెడతాం. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి తోలి దొరికితే తండ్రికి లేదా బండి ఓనరుకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. జైలు సంగతి పక్కన పెట్టండి. ప్రాణం పోయే పనికి పెద్దోడు, చెయ్యి తడిసే పనికి చిన్నోడు. ఇదేం లెక్క?

"చదువుకే టైం చాలట్లేదు" అని ఇంకొకరంటారు. మీవాడి ఫోన్ తీసుకోండి. సెట్టింగ్స్‌లో ఏ రోజు ఎన్ని గంటలు ఫోను చూశాడో ఉంటది. మావాడిది చూశా. సెలవుల్లో ఏ రోజూ అయిదు గంటలకి తగ్గలేదు. తిట్టడానికి నోరు తెరిచి, నాది కూడా చూసుకున్నా. మూడున్నర గంటలుంది. నోరు మూసుకున్నా. కాబట్టి టైం ఉంది. ఇంట్లో అందరికీ ఉంది, ఒక్క అమ్మకి తప్ప.

"రేపు పెద్ద ఉద్యోగం వస్తే పనిమనిషిని పెట్టుకుంటాడు" అని మా అమ్మే అంది. "మగపిల్లాడి చేత అంట్లు తోమిస్తావంట్రా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మన ఊరి నుంచి అమెరికా పోయిన పిల్లల్ని అడగండి. నలుగురైదుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారు. వంట వంతులు, గిన్నెలు వంతులు, బాత్‌రూం కడగడం కూడా వంతులే. మొదటి నెలంతా వీడియో కాల్‌లో "అమ్మా, పప్పులో నీళ్లెన్ని పొయ్యాలి" అని అడగడమే. లక్షలు అప్పు చేసి పంపుతాం గానీ అన్నం వండడం నేర్పి పంపం. అంత దూరం ఎందుకు, హైదరాబాదులో, బెంగళూరులో రూముల్లో ఉండేవాళ్లదీ అదే సంగతి. తన దుప్పటి తను మడవనివాడితో రూమ్‌లో ఎవడుంటాడు? రేపు పెళ్లయి వచ్చే పిల్ల కూడా ఉద్యోగం చేసేదే. ఆ పిల్ల మా ఇంటావిడలాగా పాతికేళ్లు నోరు మూసుకుని చెయ్యదు. చెయ్యకూడదు కూడా.

గాంధీగారు 1937లో వార్ధాలో నయీ తాలీమ్ అని చదువు పద్ధతి పెట్టినప్పుడు చేతి పనిని చదువుకి అడ్డం అనుకోలేదు, దానిలోంచే చదువు రావాలన్నారు. ఆశ్రమంలో మరుగుదొడ్లు కూడా వంతులేసుకుని కడిగేవాళ్లు, ఆయనతో సహా. అంత గొప్ప మాటలు మనకెందుకంటారా? సరే, మనకి తెలిసిన నారు సంగతి మాట్లాడుకుందాం.

మిర్చి నారు పెంచేటప్పుడు ఏం చేస్తాం? నీళ్లు ఎక్కువ పెడితే నారుకుళ్లు వస్తది. నీడలోనే ఉంచితే సన్నగా తీగలాగా సాగుద్ది. అందుకే నాటే ముందు వారం రోజులు నీళ్లు తగ్గిస్తాం, ఎండ చూపిస్తాం. ఆకు కొంచెం వాడినా ఊరుకుంటాం. నారు మీద కోపంతో చేస్తామా? చేలో బతకాలని చేస్తాం. ఆ తెలివి మొక్క దగ్గర చూపిస్తాం, పిల్లల దగ్గర మర్చిపోతాం. పదిహేడేళ్లు నీడలో పెంచి, పద్దెనిమిదో ఏడు తీసుకుపోయి ఎక్కడో నాటేసి, "వాడిపోతున్నాడు" అని ఏడుస్తాం.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని చేతులెత్తేసేవాళ్లకి ఒక మాట. పదహారేళ్లవాడు మాను కాదు. నేను నలభై అయిదేళ్లకి వంగా. వాడెందుకు వంగడు?

మరి మా ఇంట్లో ఏం చేశామో చెప్తా. ఇదేం గొప్ప పద్ధతి కాదు, తప్పులు చేస్తూ నేర్చుకున్నదే.

ముందు నేను మొదలుపెట్టా. తిన్న కంచం నేనే కడుగుతున్నా. మొదటి రోజు అందరూ వింతగా చూశారు. వారం దాకా పిల్లలకి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎనిమిదో రోజు కూర్చోబెట్టి అడిగా, "ఇంట్లో రోజూ ఏమేం పనులుంటాయో చెప్పండి" అని. అబ్బాయి ఆరు చెప్పాడు. అమ్మాయి పద్దెనిమిది చెప్పింది. మా ఇంటావిడ మంచం మీంచే ఇంకో పదకొండు కలిపింది. కాగితం నిండిపోయింది. దాని గురించి నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన పని రాలేదు.

రెండోది, "అమ్మకి సాయం చెయ్" అనే మాట మానేశాం. సాయం అంటే పని అమ్మదనీ, వీడు దయతో చేస్తున్నాడనీ అర్థం వస్తది. పని పూర్తిగా అప్పజెప్పాం. సాయంత్రం గేదెలకి కుడితి, దూడ సంగతి అబ్బాయివి. రాత్రి అంట్లు ఒక రోజు వాడు, ఒక రోజు నేను. పొద్దున వాకిలి అమ్మాయిది. పరీక్షలయ్యేదాకా అమ్మాయికి ఇంకేమీ పెట్టలేదు. హాస్టలుకి పోయాక వాడి వంతు నేనే చేస్తున్నా, ఇంటికొచ్చినప్పుడు వాడిది వాడికే.

మూడోది గది. గది వాడిది, మేం ఊడవం, మేం సర్దం. బుట్టలో వేసిన బట్టలే మిషన్‌లో పడతాయి. మంచం కింద దొరికినవి పడవు. మొదటి సెలవుల్లో మూడు రోజులు ఒకే చొక్కా వేసుకుని తిరిగాడు. నాలుగో రోజు బుట్ట నిండింది. తిన్న కంచం గదిలో ఉంటే రేపు అన్నం అదే కంచంలో అన్నాం. ఒక్కసారే జరిగింది. ఈ మాత్రం ఓర్చుకోవడం తల్లులకి కష్టం. "నువ్వు లే నాయనా, నేను తీస్తాలే" అని వెనకే పోతారు. మా ఇంటావిడతో నాకు గొడవైంది ఇక్కడే. అక్కా, వదినా, మీ ప్రేమ నాకు తెలుసు. కానీ మీరు వంగి తీసే ప్రతి చొక్కా రేపు ఇంకో ఆడపిల్ల వంగి తియ్యాలి.

నాలుగోది, వాడు సరిగ్గా చెయ్యకపోయినా మళ్లీ మనం చెయ్యకూడదు. గిన్నెకి జిడ్డు ఉంటే వాడికే చూపించాలి, వెక్కిరించకూడదు. "ఆడపిల్లలా చేస్తున్నావే" అని నవ్వే చుట్టాల నోరు మనమే మూయించాలి. తన కంచం తను కడిగినందుకు డబ్బులివ్వకూడదు. చేలో కోతకి వచ్చి కూలీలతో సమానంగా కోస్తే మాత్రం కూలీ ఇవ్వండి. అది న్యాయం.

అయిదోది, ఆట మధ్యలో, చదువు మధ్యలో "ఏరా లేరా" అని అరవొద్దు. ఏ పని ఏ టైంకో ముందే చెప్పండి. మనల్ని ఎవరన్నా అట్టా అరిస్తే మనం పోతామా?

ఇంత చేస్తే ఏమైంది? మావాడు మారిపోయి దేవుడైపోయాడని చెప్పను. మొన్న సెలవులకి వచ్చినప్పుడు తడి టవల్ మంచం మీదే ఉంది. రెండు రోజులు కుడితి మర్చిపోయాడు, గేదె అరిస్తే గుర్తొచ్చింది. కానీ చూడి గేదె ఈనిన రాత్రి నాతోపాటు చావిట్లో తెల్లారిందాకా ఉన్నాడు. దూడని తుడిచి, జున్నుపాలు వాడే పిండి తెచ్చాడు. మరుసటి రోజు పొద్దున వాళ్లమ్మకి టీ పెట్టిచ్చాడు. పంచదార ఎక్కువైంది. ఆవిడ ఏమీ అనకుండా తాగింది.

మా అమ్మాయి పరీక్షలు రాసింది. ఆ వారం రోజులు పోయిన చదువు పోయినట్టే. దానికి నేను ఆ పిల్లకి బాకీ ఉన్నా. ఆ బాకీ మాటలతో తీరేది కాదు.

మీకు చెప్పేదొక్కటే. ఈ పోస్టు చదివి పిల్లల్ని పిలిచి చూపించకండి. "చూడు, ఏం రాశాడో" అని తిట్టకండి. అది మళ్లీ పాత పద్ధతే. రాత్రి అన్నం తిన్నాక మీ కంచం మీరు ఎత్తుకుని కడిగి బోర్లించండి. ఎవరికీ చెప్పకండి. వారం రోజులు చెయ్యండి. ఆ తర్వాత కొడుకుని అడిగే హక్కు మనకి వస్తది.

మీ ఇంట్లో ఎట్టా ఉందో కింద రాయండి. మగవాళ్లే రాయండి, ఆడవాళ్లకి ఈ టైంలో అంట్లుంటాయి.